గాలి లెక్క: నంద్యాల సభకు ముందు లక్కోజు సంజీవరాయశర్మ

1928 నవంబరు నెలలో నంద్యాల పట్టణంలో ఆంధ్ర మహాసభ సమావేశమైంది. దానితోపాటు కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల ప్రతినిధుల సభ కూడా జరిగింది. హైదరాబాదు నిజాం 1800లో కుంఫిణీవారికి వదలివేసిన ఈ ప్రాంతాన్ని దత్తమండలమని పిలవడం అవమానకరమని భావించిన ప్రతినిధులు, చిలుకూరి నారాయణరావు సూచించిన 'రాయలసీమ' అనే పేరును అక్కడ స్వీకరించారు. చరిత్ర గ్రంథాలు నంద్యాల సభను ఆ పేరు కోసమే జ్ఞాపకం పెట్టుకొన్నాయి. అయితే ఆ సందర్భంలోనే మరొక సంఘటన జరిగింది. ఇరవయ్యొకటో ఏడు నిండడానికి ఇంకా కొద్దిరోజులే ఉన్న ఒక అంధ యువకుడు విద్వాంసుల ముందు నిలబడి, వారడిగిన లెక్కలకు కాగితం, కలం, పలక ఏవీ లేకుండా నోటితోనే జవాబులు చెప్పాడు. అతడే లక్కోజు సంజీవరాయశర్మ. ఆయన తొలి గణితావధానంగా చెప్పుకొనేది ఈ నంద్యాల ప్రదర్శననే.

ఆ తరువాత ఆయన దేశం నాలుగు చెరగులా చేసిన అవధానాలు వేలలో ఉన్నాయి. గణితబ్రహ్మ అన్నారు, సన్మానాలు చేశారు, రామానుజం సరసన నిలబెట్టారు. ఆ ప్రశంసలను ఇక్కడ తిరిగి చెప్పవలసిన పని లేదు. చరిత్ర దృష్టితో చూసేవారికి అంతకంటె ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. నంద్యాల వేదిక ఎక్కడానికి ముందు గడచిన ఇరవై ఏళ్ళు ఎలాంటివి? ఏ గణితవేత్త జీవిత చరిత్ర తెరిచినా బడి రోజులకు ఒక అధ్యాయం ఉంటుంది: లెక్కల పంతులు ఒకరు, పుస్తకం ఎరువిచ్చిన మిత్రుడు ఒకడు, పోటీపడిన తోటి విద్యార్థి మరొకడు. శర్మ జీవితంలో ఆ అధ్యాయం లేదు. అది లేకపోవడమే ఆయన కథలో అసలు విషయం.

ఆయన 1907 నవంబరు 22న కడప జిల్లా ప్రొద్దుటూరు తాలూకా కల్లూరు గ్రామంలో పుట్టాడు. పుట్టుగుడ్డి. ఆ కాలపు పల్లెలో చూపులేని పిల్లవాణ్ణి బడికి పంపడమనే ఆలోచనే ఎవరికీ తట్టదు, తట్టినా చేర్చుకొనే బడి లేదు. కాని ఆ ఇంటినుండి బడికి వెళ్ళే వారొకరున్నారు, అతని సోదరి. ఆమె బడిలో చెప్పిన పాఠాలను ఇంటికి వచ్చి బిగ్గరగా వల్లెవేసేది. ప్రక్కన కూర్చున్న తమ్ముడు వాటిని విని మనసులో నిలుపుకొనేవాడు. ఆయనకు తెలిసిన బడి అంతే. ఆ బాలిక తాను ఒక గణితవేత్తకు పాఠం చెబుతున్నానని అనుకొని ఉండదు. తన పాఠం తనకు రావాలనే చదివింది. ఆమె గొంతే ఆ బాలునికి పంతులు, పుస్తకం, స్నేహం.

ఇది సాధ్యం కావడానికి ఒక కారణం నాటి చదువు స్వభావంలోనే ఉన్నది. వీధిబడులలో లెక్క ప్రధానంగా చెవికి సంబంధించిన విద్య. రెండో ఎక్కం మొదలు ఇరవయ్యో ఎక్కం దాకా పిల్లలు ఒక్క గొంతుగా పలికేవారు. పాతిక, పరక, వీసం వంటి భిన్నాలకు కూడా ఎక్కాలుండేవి. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. పుట్టికి 20 తూములు, తూముకు 4 కుంచాలు. మణుగుకు 8 వీశెలు. పదితో పోని ఈ కొలతలన్నీ నోటికి వస్తే తప్ప అంగడిలోగాని కళ్ళంలోగాని పని జరగదు. 1957లో దశాంశ నాణేలు వచ్చిన తరువాత పుట్టినవారికి ఆ బరువు తెలియదు. తూము ఇంత ధర అయితే పుట్టిన్నర ధాన్యం ఎంత చేస్తుందో రైతు కళ్ళంలోనే తేల్చుకోవాలి. కల్లూరి అంధబాలుని ప్రతిభను మొదట గుర్తించినది ఇలాంటి బేరాలు చేసుకొనే గ్రామస్థులేనని చెబుతారు. వారు అడిగేవారు, అతడు చెప్పేవాడు. అయితే ఆ పరిచయం లెక్క దగ్గర మొదలై లెక్క దగ్గరే ఆగిపోయేది. జవాబు దొరికిన రైతు తన దారిన తాను పోతాడు.

ఇక్కడ ఒక మాట గురించి కొంచెం ఆగవలసి ఉంది. కాగితం లేకుండా చేసే లెక్కను తెలుగులో నోటిలెక్క అంటాము, ఉర్దూలో జబానీ హిసాబ్ అంటారు. రెండింటిలోనూ పేరు నోటిని బట్టే వచ్చింది. అరబీ గణిత గ్రంథాలలో దీనికి వేరొక పేరున్నది: అల్ హిసాబుల్ హవాయీ. మాటకు మాట తెలుగు చేస్తే 'గాలి లెక్క' అవుతుంది. తెలుగులో గాలి మాట, గాలి కబురు అంటే ఆధారం లేనివని అర్థం గనుక ఈ అనువాదం పాఠకుణ్ణి పొరపాటు పట్టించవచ్చు. అరబీలో అందుకు విరుద్ధం. ఏ పలక మీదా ఆనకుండా, కేవలం మనసులో, గాలిలో నిలిచే లెక్క అని దాని భావం. దీనికి ఎదురుగా నిలిచేది హిసాబుల్ గుబార్, ధూళి లెక్క. పలక మీద సన్నని ధూళి పరచి, అంకెలు వేలితో వ్రాసి, చెరిపి, మళ్ళీ వ్రాసే పద్ధతి అది. మన వీధిబడులలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసినవారికి ఇది కొత్తగా తోచదు. హిందూ దేశపు అంకెలు అరబ్బు దేశాలకు పోయినప్పుడు ఆ ధూళిపలక కూడా వెంట పోయింది. క్రీ.శ. 952లో డమాస్కసు నగరంలో అల్ ఉఖ్లీదిసీ ధూళి లేకుండా కాగితం, సిరాతో ఆ లెక్కలు చేసే విధానం వ్రాశాడు. అదే శతాబ్దంలో బగ్దాదులో అబుల్ వఫా అల్ బూజ్‌జానీ దివాణం గుమాస్తాల కోసం వ్రాసిన గణితంలో అంకెల ప్రసక్తే లేకుండా అంతా మాటలతో సాగించాడు. నాలుగైదు శతాబ్దాల తరువాత ఇబ్నుల్ హాయిమ్ ఈ గాలి లెక్క మీదనే ప్రత్యేకంగా గ్రంథం రచించాడు.

మదరసాలలో ఫరాయిజ్, అంటే వారసత్వ విభజన శాస్త్రం, చదివినవారికి ఈ విద్య పరిచయమే. హజ్రత్ అలీ (రజి) మింబరుపై ప్రసంగిస్తూ ఉండగా ఎవరో ఒక సమస్య అడిగారని, ప్రసంగం ఆపకుండానే ఆయన జవాబు చెప్పారని మింబరియ్యా పేరుతో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. మృతునికి భార్య, ఇద్దరు కూతుళ్ళు, తల్లి, తండ్రి ఉన్నారు. ఆస్తిని 24 భాగాలు చేస్తే భార్యకు 3, కూతుళ్ళకు 16, తల్లికి 4, తండ్రికి 4 రావాలి. మొత్తం 27 అవుతుంది, ఉన్నవి 24. అందువల్ల 27 భాగాలుగానే పంచాలి. భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతుగా మారుతుంది. ఆయన పలికిన జవాబు ఇదే. నోటిలెక్క కేవలం వినోదంగా కాక, హక్కు నిర్ణయించే పనిముట్టుగా నిలిచిన సందర్భం ఇది. మన పల్లెలలో కళ్ళం దగ్గరి లెక్క ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

శర్మ అవధానాలలో తరచుగా చెప్పుకొనే లెక్క ఒకటి ఉంది. రెండును రెండుతో 103 మార్లు హెచ్చవేస్తే, అంటే రెండు యొక్క 103వ ఘాతం ఎంత అని అడిగారట. ఆయన 32 అంకెల సంఖ్యను వరుసగా చెప్పాడు. ఆ సంఖ్య 10141204801825835211973625643008. రెండు ఘాతాలలో 32 అంకెలకు చేరే మొదటి సంఖ్య సరిగ్గా ఇదే. 102వ ఘాతానికి 31 అంకెలే. అడిగినవారు ఇది తెలిసి అడిగారో యాదృచ్ఛికమో గాని, ప్రశ్న మంచి ప్రశ్న. ఈ దారి చాలా పాతది. చదరంగం పటం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున 64 గడులూ నింపితే ఎన్ని గింజలు కావాలనే ప్రశ్నను అల్ బైరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలో వ్రాసిన అల్ ఆసారుల్ బాఖియాలో తీసుకొన్నాడు. అతడు గడి తరువాత గడి కూడుతూ పోలేదు. ఒక గడిలోని సంఖ్యను దానితోనే హెచ్చవేస్తే, మొదటి గడి నుండి అది ఎంత దూరమో మరి అంత దూరంలోని గడి సంఖ్య వస్తుందని చూపాడు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తరువాత 18446744073709551616. ఆరు హెచ్చవేతలతో 64వ ఘాతం వచ్చేసింది. అందులోనుండి ఒకటి తీసివేస్తే గింజల మొత్తం. బైరూనీ నిచ్చెనలో ఈ 64వ ఘాతాన్ని 32వ ఘాతంతోను, మళ్ళీ 128తోను హెచ్చవేస్తే 103వ ఘాతం వస్తుంది. శర్మ మనసులో ఈ మెట్లే ఎక్కాడని అనడం లేదు. కాగితం మీద ఈ మెట్లు ఎక్కడమే మనకు ఒక పూట పని. ఇరవై అంకెల సంఖ్యను పది అంకెల సంఖ్యతో గాలిలో హెచ్చవేయడమంటే ఏమిటో దీనిని బట్టి ఊహించుకోవచ్చు.

తేదీ చెబితే వారం చెప్పడం ఆయన ప్రదర్శనలలో మరొక అంశం. ఇది చూడడానికి గొప్పగా ఉన్నా పైదానికంటె సులభం. ఇంగ్లీషు కాలెండరు 400 ఏళ్ళకు 146097 రోజులు. అది ఏడుతో నిశ్శేషంగా పోతుంది గనుక 400 ఏళ్ళకు వారాలు మొదటికి వస్తాయి. హిజ్రీ లెక్కలో 30 ఏళ్ళ చక్రానికి 11 అధిక దినాలతో కలిపి 10631 రోజులు. ఏడుతో భాగిస్తే 5 మిగులుతుంది. అందుచేత అక్కడ 210 ఏళ్ళకు వారాలు మొదటికి వస్తాయి. ఈ సూత్రాలు పట్టుకొన్న వారెవరైనా కొంత సాధనతో చెప్పగలరు. శర్మ పుట్టిన 1907 నవంబరు 22 శుక్రవారమని పాఠకులు సరిచూసుకోవచ్చు.

ప్రశ్న మళ్ళీ బడి దగ్గరికే వస్తుంది. చెవితో నేర్వదగిన లెక్కకు బడి తలుపు ఎందుకు మూసుకొన్నది? శర్మ బాల్యం నాటికి బడిలో పలక, నల్లబల్ల, అచ్చు పుస్తకం స్థిరపడుతున్నాయి. వీధిబడి పోతూ ఉంది. లెక్క నోటినుండి పలక మీదికి దిగింది. చూపున్న పిల్లలకు అది మేలే చేసింది. చూపులేని వానికి మాత్రం ఉన్న చిన్న సందు కూడా మూతపడింది. ఫ్రాన్సులో లూయీ బ్రెయిలీ తన చుక్కల లిపిని 1829లోనే ప్రకటించాడు. భారతదేశంలో అంధుల కోసం తొలి పాఠశాల 1887లో అమృతసరులో, దక్షిణాన 1890లో పాళయంకోటలో క్రైస్తవ మిషనరీల చేత మొదలయ్యాయి. కల్లూరి నుండి చూస్తే ఇవి రెండూ వేరే లోకాలు. భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడి బ్రెయిలీ 1951లో కుదిరేనాటికి శర్మకు 44వ ఏడు.

బడి లేకపోతే పని నేర్పే చోటయినా ఉండాలి. ప్రొద్దుటూరు ప్రాంతం నుండి నంద్యాలకు వెళ్ళే బాట మైదుకూరు, చాగలమర్రి దాటి ఆళ్ళగడ్డ మీదుగా సాగుతుంది. కుందూ నది పరీవాహకపు నల్లరేగడి, కె.సి. కాలువ నీరు, తూర్పున నల్లమల కొండలు. ఆ ఆళ్ళగడ్డలో తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కే శిల్పుల ఇళ్ళున్నాయి. అక్కడి బాలుడు బడికి వెళ్ళినా వెళ్ళకపోయినా ఉలి దగ్గర కూర్చుంటాడు. ముఖం పొడవు ఎంత, దానికి దేహం ఎన్ని రెట్లు అనే తాళమానం లెక్కలు తండ్రి చేతిని చూసి నేర్చుకొంటాడు. తప్పు చెక్కితే దిద్దేవాడుంటాడు, ప్రక్కన అదే పని చేసే ఈడువాడుంటాడు. విద్య అంటే ఈ రెండూ కలిసినదే. ఆ సీమలోనే, కొన్ని ఆమడల దూరంలో, అంకెలలో అంత చేయి తిరిగిన బాలునికి దిద్దేవాడూ లేడు, ఈడువాడూ లేడు.

ముస్లిం పాఠకులు ఈ చోట తమ చరిత్ర వైపు చూడడం సహజం. చదువు కోరి వచ్చిన అంధుడైన ఇబ్ను ఉమ్మె మక్తూమ్ (రజి) వైపు మొగం తిప్పుకొన్న సందర్భంలో దివ్యఖురాన్ 80వ సూరా అవతరించింది. మందలింపు స్వయంగా దైవప్రవక్త (స)కే వచ్చింది. ఆ మాట వృథా పోలేదు. అంధులను హాఫిజులుగా, ఖారీలుగా, హదీసు పండితులుగా సమాజం తలపై పెట్టుకొన్నది. 14వ శతాబ్దంలో సఫదీ అనే చరిత్రకారుడు కేవలం అంధ ప్రముఖుల జీవితాలతో ఒక నిఘంటువు కూర్చగలిగాడంటే వారి సంఖ్య ఎంతో ఊహించవచ్చు. అందులో జైనుద్దీన్ అల్ ఆమిదీ అనే బగ్దాదు పండితుని ముచ్చట ఉంది. పుస్తకాల వ్యాపారం కూడా చేసే ఆ అంధుడు, సన్నని కాగితపు పేలికలను మెలిపెట్టి, అక్షరాల ఆకారంలో వంచి, ప్రతి పుస్తకానికి దాని వెల గుర్తుగా అతికించేవాడు. వేలితో తడిమి వెల చెప్పేవాడు. బ్రెయిలీకి ఐదు వందల ఏళ్ళ ముందటి మాట ఇది.

అయితే గర్వపడి ఊరుకోవడం కూడా న్యాయం కాదు. ఆ నిఘంటువులో కనిపించే అంధులలో అధికులు కంఠస్థ విద్యల వారు: ఖిరాఅత్, హదీస్, ఫిఖ్‌హ్, వ్యాకరణం, కవిత్వం. చూపు లేదు గనుక జ్ఞాపకశక్తి పెరుగుతుంది, గనుక జ్ఞాపకశక్తితో నడిచే విద్యే ఇవ్వాలని సమాజం నిశ్చయించింది. గౌరవం ఇచ్చింది, దారి కూడా తానే ఎంచి ఇచ్చింది. రేఖాగణితం వంటివి వారి కోసం తెరవాలనే ప్రయత్నం అరుదు. ఆమిదీ కాగితపు మెలికలు పుస్తకాల వెల దగ్గర ఆగిపోయాయి, ఒక బడిలో పాఠం కాలేదు. కల్లూరిలో జరిగినదానికీ దీనికీ పోలిక లేదని అనలేము.

తలుపు తెరుచుకొంటే ఏమవుతుందో చూపే ఉదాహరణలు రెండు. ఇంగ్లండులో 1682లో పుట్టిన నికొలస్ సాండర్సన్‌కు ఏడాది వయసులో మశూచి వల్ల రెండు కళ్ళూ పోయాయి. తండ్రి సుంకం ఉద్యోగి, సంపన్నుడు కాడు. కాని దగ్గరి పెనిస్టన్ గ్రామంలో ఉచిత పాఠశాల ఉన్నది, అది అతణ్ణి చేర్చుకొన్నది. లాటిన్, గ్రీకు విని నేర్చుకొన్నాడు. ఆ తరువాత అతని జీవితాన్ని మలుపు త్రిప్పినది స్నేహం. రిచర్డ్ వెస్ట్ అనే పెద్దమనిషి, నెట్లిటన్ అనే వైద్యుడు అతనికి బీజగణితం, రేఖాగణితం చెప్పి, పుస్తకాలు తెచ్చి, కూర్చుని చదివి వినిపించారు. 1707లో ఒక మిత్రుని వెంట కేంబ్రిడ్జి చేరాడు. నాలుగేళ్ళకు, 1711లో, అంతకుముందు న్యూటన్ అలంకరించిన లూకాసియన్ ఆచార్య పీఠం మీద ఆ అంధుడే కూర్చున్నాడు. రంధ్రాలున్న బల్లపై మేకులు గుచ్చి అంకెలు గుర్తించే పద్ధతి ఒకటి తానే కల్పించుకొన్నాడు. దారాలు చుట్టి రేఖాకృతులను కూడా వేళ్ళతో చదివాడు.

రెండవ ఉదాహరణ మరింత దగ్గరిది. మాస్కోలో లెవ్ పొంట్ర్యాగిన్ 1908 సెప్టెంబరులో పుట్టాడు. శర్మకంటె తొమ్మిది నెలలకు పైగా చిన్న. 14వ ఏట స్టవ్ పేలి చూపు పోయింది. తల్లి తత్యానా ఆంద్రేయెవ్నా కుట్టుపని చేసుకొనే మనిషి. ఆమెకు గణితం రాదు. అయినా కొడుకు కోసం గణిత పుస్తకాలను పుటల కొలది బిగ్గరగా చదివింది. పేరు తెలియని గుర్తు కనబడితే దాని ఆకారాన్ని తనకు తోచిన మాటలలో వర్ణించి చెప్పేదట. 1925లో అతడు మాస్కో విశ్వవిద్యాలయంలో చేరాడు. అలెక్సాంద్రోవ్ వంటి ఆచార్యుడు, సాటి యువ గణితవేత్తల బృందం దొరికాయి. నంద్యాలలో శర్మ వేదిక ఎక్కిన 1928 నవంబరులో పొంట్ర్యాగిన్ అక్కడ విద్యార్థి. తరువాత టోపాలజీలో, నియంత్రణ సిద్ధాంతంలో అతని పేరు మీద సిద్ధాంతాలే నిలిచాయి.

కల్లూరి సోదరి గొంతుకు, మాస్కో తల్లి గొంతుకు తేడా ఏమీ లేదు. ఇద్దరూ తమకు పూర్తిగా తెలియని విద్యను చూపులేని చెవిలో పోశారు. తేడా ఆ తరువాతి మెట్టులో ఉన్నది. ఒకరికి విశ్వవిద్యాలయం దొరికింది, మరొకరికి సభ దొరికింది. పొంట్ర్యాగిన్‌కు 14 ఏళ్ళ దాకా చూపున్నదని, బడికి వెళ్ళినవాడేనని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ సబబే. కాని సాండర్సన్‌కు చూపు అన్న జ్ఞాపకమే లేదు.

సభ ఎందుకు చాలదు? అవధానం మన జాతి గర్వించదగిన కళ, అందులో సందేహం లేదు. అయితే పృచ్ఛకుడు అడిగే లెక్కకు జవాబు ముందే అతని చేతి కాగితంలో ఉంటుంది. అవధాని చెప్పినది దానితో సరిపోయిందా లేదా అనే చూస్తాడు. సరిపోతే చప్పట్లు. మిత్రుడు అడిగే ప్రశ్న వేరు, దాని జవాబు ఇద్దరికీ తెలియదు. రామానుజానికి కుంభకోణంలో పుస్తకాలు తెచ్చియిచ్చిన స్నేహితులున్నారు. 1903లో అతని చేతికందిన కార్ సూత్ర సంగ్రహం అలా వచ్చినదే. తరువాత కేంబ్రిడ్జిలో హార్డీ ఉన్నాడు. 1918లో వారిద్దరూ ఒక సంఖ్యను ఎన్ని విధాలుగా విడగొట్టి కూడవచ్చునో చెప్పే సూత్రం ప్రకటించినప్పుడు, అది సరి అయినదో కాదో పరీక్షించడానికి ఒక లెక్కల మనిషి అవసరమయ్యాడు. మేజర్ మాక్‌మహాన్ 200 వరకు ప్రతి సంఖ్యకూ చేతితో లెక్క కట్టాడు. 200కు వచ్చిన సంఖ్య 3972999029388. సూత్రం ఇచ్చిన జవాబు దానితో సరిపోయింది. లెక్క వేగం గణితానికి ఎలా ఉపయోగపడుతుందో ఇక్కడ కనిపిస్తుంది. అలాంటి పని మాక్‌మహాన్ కంటె వేగంగా చేయగల మనిషి ఒకడు కల్లూరిలో పెరుగుతూ ఉన్నాడు. అతణ్ణి అలాంటి ప్రశ్న అడిగేవాడు ఆ దరిదాపుల్లో లేడు. శర్మ గణితవేత్తా, గణకుడా అనే వాదం మన పండితులలో అప్పుడప్పుడు వినబడుతుంది. ఆయన ప్రజ్ఞను కొలవడానికి చేసే ఆ వాదంలో, ఆయనకు దొరికినదేమిటో కొలిచినవారు తక్కువ.

నంద్యాల తరువాతి కథ చాలామందికి తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఊరూరా అవధానాలు, బిరుదులు, శాలువలు. ఆయనకు వయొలిన్ కూడా బాగా వచ్చు. చెవి ఒక్కటే దారి అయిన మనిషికి అంకె, స్వరం రెండూ ఒకే ఇంటి బిడ్డలు. జీవితంలో చాలా ఏళ్ళు శ్రీకాళహస్తిలో గడిపాడు. శాలువలు కప్పిన చేతులు ఆయన పద్ధతులను వివరంగా వ్రాసి పెట్టే పనికి పూనుకొన్నట్లు కనబడదు. ఒక విశ్వవిద్యాలయ గణితశాఖ ఆయనను ఏడాదిపాటు కూర్చోబెట్టుకొని, 'ఎలా చేస్తున్నావయ్యా?' అని ఓపికగా అడిగి ఉంటే మనకు ఒక గ్రంథం మిగిలేది. 1997 డిసెంబరు 2న ఆయన కన్నుమూశాడు. ఆయన లెక్క గాలిలోనే చేశాడు, గాలిలోనే పోయింది.

అప్పటికి దేశంలో ఒక చట్టం వచ్చి ఉన్నది. వికలాంగుల హక్కులకు సంబంధించిన 1995 నాటి ఆ చట్టం, అంధబాలలతో సహా వికలాంగ బాలలందరికీ 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య ప్రభుత్వ బాధ్యత అన్నది. 2009 విద్యాహక్కు చట్టం, 2016 నాటి మరొక చట్టం దానిని ఇంకా గట్టిపరిచాయి. కాని బడిలో చేర్చుకోవడం ఒకటి, లెక్కలు నేర్పడం మరొకటి. పై తరగతులకు రాగానే అంధ విద్యార్థిని గణితం నుండి తప్పించి వేరే పాఠ్యాంశం ఇచ్చే అలవాటు చాలా చోట్ల దయ పేరుతో కొనసాగింది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టుగుడ్డిగా పుట్టిన బొల్లా శ్రీకాంత్ పదో తరగతి ముగించి ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు కోరుకొన్నప్పుడు నిబంధనలు ఒప్పుకోవన్నారు. అతడు హైకోర్టుకు వెళ్ళి ఆ హక్కు సాధించుకొన్నాడు. తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరాడు. కోర్టు అనుమతించిన ఆ రెండేళ్ళు అతడు చదివినది ఎక్కువగా చెవితోనే. పాఠ్యపుస్తకాలను ఎవరో బిగ్గరగా చదివి ధ్వనిముద్రణ చేసి ఇస్తే, వాటిని విని లెక్కలు నేర్చుకొన్నాడు.